ఎడమ భుజం అర అంగుళం దిగువ

మే 22

కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల నిండా ఊళ్లో ఆడవాళ్ల ఛాతీలూ నడుములూ ఉన్నాయి కాబట్టి మా ఆయన ఎల్లారావు ఈ పుస్తకం చచ్చినా తెరవడు. ఇంట్లో ఇంతకంటే భద్రమైన చోటు లేదు.

ఇల్లు ఖాయమైంది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర, కూర్మన్నపాలెం జంక్షన్‌కి రెండు వీధులు లోపల. ముందు గది రోడ్డు మీదకే తెరుచుకుంటుంది. పదహారేళ్లు ఎలమంచిలిలో అసిరమ్మ గారింట్లో అద్దెకుండి వసారాలో కుట్టాను, ఇక బోర్డు కట్టి కుడతాను. ఆయనకీ పోర్టు డ్యూటీకి రోజూ రైలెక్కే బాధ తప్పుతుంది.

జూన్ ఒకటి పొద్దున్న ఏడూ నలభై రెండుకి పాలు పొంగించాలి. ఎనిమిదో తారీకుతో ముహూర్తాలు ఆఖరు, తర్వాత మూఢం. అందుకే పెళ్లిళ్లవాళ్లూ, ఇల్లు మారేవాళ్లూ అందరూ ఈ వారం మీదే పడ్డారు. సామాన్ల బండ్ల వాళ్లు ఫోన్ ఎత్తితే గొప్ప.

మే 24

గురునాథరావు అని ఒకాయన వచ్చాడు, సామాన్లు మార్చే ఆయన. పెళ్లిచూపులకి వచ్చినట్టు ఇల్లంతా తిరిగాడు. బీరువా తలుపులు తీసి ఊపాడు. మంచాల కింద వంగి చూశాడు. కొత్తింటి వీధిలోకి లారీ దూరుతుందా, కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయి అని అడిగాడు. చివరికి ఒక కాయితం రాసి ఇచ్చాడు. దాన్నిండా షరతులే. రేటు చూస్తే కళ్లు తిరిగాయి. ముఖంలో నవ్వన్నది లేదు, పైగా "సంతకం పెట్టేముందు చదవండమ్మా" అని పాఠం.

ఫోన్లో వెతికితే ఇంకో పేరు వచ్చింది. శ్రీ సింహగిరి ప్యాకర్స్. ముప్పయ్యొక్క మంది మంచివాళ్లని రాశారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాడు మోసం చేస్తాడా?

మే 26

సింహగిరి వాళ్ల ఉదయ్‌కుమార్ వచ్చాడు. ఇల్లు చూడకుండానే ఫోన్లో రేటు చెప్పేశాడు, గురునాథరావు దాంట్లో సగం. చెయ్యి తిరిగినవాడికి చూడాల్సిన పనేముంది? అడ్వాన్సు తీసుకుపోవడానికి వచ్చాడంతే, వసారా దాటి లోపలికి కూడా రాలేదు. మర్యాదస్తుడు.

వస్తూ వస్తూ గేటు మేకుకి చొక్కా పట్టేసి భుజం దగ్గర కుట్టు విడిపోయింది. నాకు ప్రాణం ఒప్పలేదు. "విప్పి ఇయ్యి తమ్ముడూ, రెండు నిమిషాలు" అన్నాను. బనీనుతో కూర్చుని టీ తాగాడు. చొక్కా తిరగేస్తే ఎంత ముచ్చటేసిందో! అబ్బాయికి ఎడమ భుజం అర అంగుళం దిగువ. కుట్టినవాడు అది పసిగట్టి, పైకి తెలియకుండా ఆ పక్క కుట్టు సర్ది నిలబెట్టాడు. కాలరు లోపల మల్కాపురం టైలరు లేబులుంది. ఆ మేస్త్రీకి మనసులోనే దండం పెట్టాను.

అడ్వాన్సు ఉత్తి చేత్తో ఇవ్వడం నాకు అలవాటు లేదు. రెండు తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము పెట్టి ఇచ్చాను. కళ్లకద్దుకున్నాడు. రసీదు అడుగుదామని నోటిదాకా వచ్చింది. "తాంబూలం పుచ్చుకున్నాక ఇంక కాయితమేటక్కా? నీ తమ్ముడు పారిపోతాడేటి?" అన్నాడు. సిగ్గేసింది. నిజమే, నా దగ్గర పట్టు చీరలు వదిలి వెళ్లేవాళ్లకి నేనెప్పుడైనా కాయితం ఇచ్చానా?

రాత్రి ఆయన "రసీదు తీసుకున్నావా, బండి నంబరు రాసుకున్నావా?" అంటే తీసుకున్నానన్నాను. బండి ఇంకా రాలేదు కదా, నంబరు ఎక్కడుంటుంది? అబద్ధం సగమే.

మే 28

పూడిమడక నుంచి చిట్టమ్మ పిన్ని వచ్చింది. ఎనిమిదో తారీకు తెల్లవారుజామున వాళ్ల అమ్మాయి ఆశ పెళ్లి. ఐదు జాకెట్లు కత్తిరించేశాను, మూడు కుట్టాను. పెళ్లిచీరకి ఫాల్ వేశాను, కుచ్చులు కట్టాలి. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మి కొన్న చీర అది. వచ్చినప్పుడల్లా చెయ్యి కొంగుకి మూడుసార్లు తుడుచుకుని మరీ తాకి చూస్తుంది.

"ఇల్లు మారతన్నావు, సీర జాగర్త దేవమ్మా."

"నా పెట్టెలో ఉంది పిన్నీ, నా పెట్టె అంటే బ్యాంకు లాకరే" అన్నాను.

సామాన్ల లిస్టు రేపు రాస్తాను.

మే 30

లిస్టు రేపు.

మే 31

లిస్టు రాయలేదు. బండి ఎక్కించేటప్పుడు అసిరమ్మ గారు చూసుకుంటానన్నారు. మేం నాలుగున్నరకే ఆటో ఎక్కాలి, ముహూర్తానికి అక్కడ ఉండాలి కదా. లారీ తొమ్మిదింటికి ఇక్కడికి వస్తుంది, పన్నెండుకి అక్కడ దింపుతుంది.

ట్రంకు పెట్టె ఆటోలో నా ఒళ్లో పెట్టుకుని తీసుకెళదామనే అనుకున్నాను. కానీ పోయిన మా అత్త ఎప్పుడూ అనేది, కొత్తింట్లో తొలి అడుగు ఇనుముతో పెట్టకూడదని. దేవుడి పటం, ఉప్పు, పసుపు, పాలగిన్నె ముందు వెళ్లాలి, ఇనుము తర్వాతే. ఆయన నవ్వాడు. "ఉక్కు ఊరికి కాపురం ఎల్తన్నాం, ఇనుముకి బయమేటే?" అన్నాడు. నవ్వితే నవ్వాడు. పెట్టె లారీలోనే వస్తుంది. తాళంచెవి మాత్రం నా మెడలో పసుపుతాడుకే ఉంది.

జూన్ 1

పాలు తూర్పుకి పొంగాయి. మంచి శకునం.

పన్నెండుకి బండి రాలేదు. రెండింటికి ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేస్తే అనకాపల్లి దగ్గర టైరు పంచరు అన్నాడు. ఐదింటికి ఎత్తలేదు. అసిరమ్మ గారికి చేశాను. తొమ్మిదింటికే ఎక్కించడం మొదలెట్టారు, పదకొండుకి బయల్దేరింది అన్నారు. నంబరు? "సూడనేదమ్మా. నీలం రంగు బండి. ముందు నిమ్మకాయలు కట్టున్నాయి." నిమ్మకాయలు కట్టని లారీ ఈ జిల్లాలో ఉందా? పేరు రాసుందా అని అడిగాను. ఏ పేరూ లేదట.

చాప మీద పడుకున్నాం. రేపు పొద్దున్నే వస్తుంది.

జూన్ 2

రేపు వస్తుంది.

జూన్ 3

ఉదయ్‌కుమార్ తనే చేశాడు. గొంతు మారిపోయింది. అక్కా లేదు, తమ్ముడూ లేదు. "మీ సరుకు బరువెక్కువొచ్చిందమ్మా. ఒప్పుకున్నదానికి మూడింతలు ఏస్తేనే బండి కదుల్తాది. లేటైతే గోడౌన్ అద్దె రోజురోజుకీ ఎక్కుద్ది" అన్నాడు. సామాన్లు ఎక్కడున్నాయని అడిగితే పెట్టేశాడు.

ముప్పయ్యొక్క మంది మెచ్చుకున్నారు కదా, ఈసారి అవన్నీ వరసగా చదివాను. అన్నీ ఒకే వారంలో రాసినవి. ఏడుగురు "సొంత తమ్ముడిలా చూసుకున్నారు" అని అక్షరం తేడా లేకుండా రాశారు. ఒకే కత్తిరింపుకి ఏడు జాకెట్లు వస్తాయేమో గానీ ఏడుగురికి ఒకే మాట రాదు. ఇదే పది రోజుల కిందట చదివి ఉంటే!

ఆయనకి చెప్పేశాను. రసీదు లేదని, నంబరు లేదని, తాంబూలం ఇచ్చానని. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అడిగినప్పుడు తీసుకున్నాననీసేవు కదే" అని మాత్రం అన్నాడు. అరిచినా బాగుండేది.

జూన్ 4

గాజులు కుదువ పెట్టి ఆ మూడింతలూ కట్టేద్దామనే అనుకున్నాను, నిజం. కట్టేముందు ఎందుకో గురునాథరావుకి ఫోన్ చేశాను. సిగ్గు చంపుకుని అంతా చెప్పాను. దెప్పుతాడనుకున్నాను, దెప్పలేదు.

"పంపకండమ్మా. పంపితే రేపు దింపుడు కూలంటాడు, ఎల్లుండి ఇంకోటంటాడు. ముందు కంప్లయింటు ఇయ్యండి. ఆడి ఫోన్లు, మెసేజీలు ఏటీ చెరపకండి."

స్టేషన్‌కి వెళ్లాం. రైటర్ గారు ఓపిగ్గానే రాసుకున్నారు. ఆ ఫోన్ నంబరు ఇంకెవరి పేరు మీదో ఉందట, ఫోన్లో పెట్టిన అడ్రసులో ఖాళీ స్థలం ఉందట. "అసలు పేరో, బండి నంబరో, సంతకం ఉన్న కాయితమో ఒక్కటి తెండమ్మా, మిగతాది మేం చూస్తాం" అన్నారు. ఆ మూడూ లేని మనిషిని నేనే. బల్ల మీద పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చిట్టమ్మ పిన్ని కూర్చుని ఉంది. కొత్తిల్లు చూద్దామని పండుగప్ప ముక్కలు తెచ్చింది. ఖాళీ గదులు చూసింది, చాప చూసింది, నా ముఖం చూసింది. అన్నీ కుట్టేసి ఆరో తారీకుకి కబురు చేస్తాను అందామని నోరు తెరిచి, చెప్పలేకపోయాను. నిజమే చెప్పాను.

చేపముక్కలు పక్కన పెట్టి చాప మీద కూర్చుంది. తర్వాత అంది: "పెట్టిలో ఏటేటున్నాయో సెప్పు. ఒక్కొక్కటీ సెప్పు."

చెప్పాను. ఎర్రంచు పసుపు పట్టుచీర, చెంగులో మామిడిపిందెలు. కుట్టిన జాకెట్లు మూడు, ఏ చేతికి ఏ అంచో. కత్తిరించినవి రెండు. హుక్కుల అట్ట, దారాలు నాలుగు రంగులు.

"అన్నీ గురుతున్నాయి నీకు. మరి ఆడి కాడ కాయితం ఏల అడగనేదు?"

"తాంబూలం ఇచ్చాను పిన్నీ."

"నాను సేపలిత్తే, తూకం నా కళ్ల ముందర ఎయ్యకపోతే గంప ఎత్తనివ్వను, ఎంతటోడినైనా. నీకు సీర ఇచ్చినప్పుడు మాత్తరం ఏటీ అడగనేదు. దేవమ్మ కదా అని."

ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ కొంగు దులుపుకుని లేచింది.

"నువ్వేడిత్తే సీరెవులు తెత్తారు? ఆశకి నాను సెప్పను. సెప్పాల్సొత్తే నువ్వే వొచ్చి సెప్పు." చేపముక్కలు కడిగి మూత పెట్టి మరీ వెళ్లింది.

ఆశకి నేను చెప్పను. చెప్పాల్సిన అవసరం రాదు. ఎలాగో తెలియదు గానీ రాదు.

జూన్ 5

పొద్దున్న ఎక్కడ ఏం మరిచానా అని ఈ పుస్తకం మొదటి నుంచీ చదివాను. మే ఇరవయ్యారు దగ్గర ఆగిపోయాను. కాలరు లోపల మల్కాపురం టైలరు లేబులు!

ఆయన్ని లేపి చూపించాను. కొలతల పుస్తకంలో ఇవన్నీ రాస్తున్నానని అప్పుడే తెలిసింది ఆయనకి. రెండుసార్లు చదివి చొక్కా తొడుక్కున్నాడు. "పద" అన్నాడు. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

మల్కాపురంలో మూడు షాపులు తిరిగాం. నాలుగోది చిన్న కొట్టు, గోడకి ఆ లేబులే అచ్చయి ఉంది. కళ్లజోడు ముక్కు మీదకి జారిన పెద్దాయన, సూరన్న మేస్త్రీ. ఆయన పుస్తకం నా పుస్తకం కంటే మూడు రెట్లు లావు. విషయం చెప్పి, ఉదయ్‌కుమార్ అనేవాడు మీకు తెలుసా అన్నాను. అలాంటి పేరే లేదన్నాడు. పుస్తకం చూపించమంటే మూసేసి మీద చెయ్యి పెట్టాడు.

"ఒకరి కొలతలు ఒకరికి సెప్పనమ్మా. నలభయ్యేళ్లయింది, ఎవులికీ సెప్పనేదు."

నేనైనా అంతే చేసేదాన్ని. అందుకే ఆయన మీద కోపం రాలేదు. "కొలతలు మీరు చెప్పొద్దు మేస్త్రీ గారూ, నేను చెబుతాను. మీరు పేరు చెప్పండి" అన్నాను. కళ్లు మూసుకుని మనసులోనే ఆ చొక్కాని మళ్లీ ఒళ్లో పరుచుకున్నాను. "ఛాతీ నలభై. కాలరు పదిహేనున్నర. పొడుగు ఇరవై తొమ్మిది. చెయ్యి కొంచెం పొట్టి. ఎడమ భుజం అర అంగుళం దిగువ. లోపల కుట్టు సర్దారు, పైకి మడత రాకుండా ఇస్త్రీ చేశారు. అంత పనితనం నేనెక్కడా చూడలేదు."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "ఆ భుజం నీ కంటికి ఆనిందా?"

"చొక్కా తిరగేస్తే గానీ ఆనలేదు."

ఏళ్ల తరబడి ఆ పని ఎవరూ చూడలేదు కాబోలు, ముఖం వెలిగిపోయింది. పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. శివరామకృష్ణ. పక్కన ఇంకో ఫోన్ నంబరు, గాజువాకలో ఇంటి అడ్రసు. దాని కింద ఇంకో గీత: రెండు చొక్కాలు, డెలివరీ జూన్ ఆరు. వాడింట్లోనూ ఎనిమిదో తారీకునే ఏదో పెళ్లి ఉందట.

"రేపు పదకొండింటికి వొత్తాడు. ఆడపిల్ల పెళ్లిసీర పట్టుకుపోయినోడికి నా కొలతల మర్యాద ఏటి? పోలీసోల్ని ఈ బల్ల మీదే కూకోబెట్టు" అన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా స్టేషన్‌కే వెళ్లాం. పేరూ అడ్రసూ బల్ల మీద పెట్టాను. రైటర్ గారు నిటారుగా కూర్చున్నారు.

జూన్ 6

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

మామూలు బట్టల్లో ఇద్దరు కానిస్టేబుళ్లు బల్ల మీద. నేను ట్రయలు కర్టెన్ వెనక. మా ఆయన రోడ్డు అవతల టీ కొట్టులో. పదకొండూ ఇరవైకి వాడు వచ్చాడు.

"ఇప్పి ఇది తొడుక్కో బాబూ, బుజం సూడాల" అన్నాడు సూరన్న మేస్త్రీ, దారం కొరుకుతూ.

వాడు చొక్కా విప్పాడు. కర్టెన్ పక్కకి తీసి బయటికొచ్చాను. ఆ రోజు మా వసారాలో కూర్చున్నట్టే బనీనుతో ఉన్నాడు.

"కాయితం తీసుకోడానికొచ్చాను తమ్ముడూ" అన్నాను.

తలుపు వైపు చూశాడు. అప్పటికే ఒక కానిస్టేబుల్ అక్కడ నిలబడ్డాడు. అక్కా, తప్పయిపోయింది, అప్పన్న మీద ఒట్టు అని మొదలెట్టాడు. చెంప పగలగొడదామని మూడు రోజులుగా అనుకుంటున్నాను. కొట్టలేదు. "ఆ పేరెత్తకు, సామాన్లెక్కడ?" అన్నాను.

హైవే పక్కన రేకుల షెడ్డు. తాళం తీస్తే మావే కాదు, ఇంకో పదకొండు ఇళ్ల సామాన్లున్నాయి. చిన్నపిల్లల ఉయ్యాల ఒకటి, ఎవరిదో పెళ్లి ఫోటో అద్దం పగిలి ఒకటి. నా ట్రంకు పెట్టె బియ్యం డబ్బా కింద ఉంది. పసుపుతాడుకున్న తాళంచెవితో తీశాను. చీర మీద పాత దుప్పటి, దాని మీద కర్పూరం బిళ్లలు, నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కానిస్టేబుళ్ల ముందే అక్కడే చతికిలబడి ఏడ్చాను.

పోలీసులు రాసుకోవలసినవి రాసుకున్నాక, సామాన్లు తేవడానికి గురునాథరావునే పిలిచాం. కాయితం ఇచ్చాడు. వరసగా ప్రతి షరతూ చదివాను. ఏదైనా పగిలితే ఎవరిది బాధ్యత, ఎన్నింటికి దింపుతారు, దింపుడు కూలి ఇందులోనే ఉందా, అన్నీ అడిగాను. బండి నంబరు ఆయన కాయితంలోదీ లారీ మీదదీ ఒకటేనా అని చుట్టూ తిరిగి చూశాను. సామాన్లు ఒక్కొక్కటీ పేరు రాసి ఎక్కించాను. అప్పుడు నవ్వాడు ఆయన, మొదటిసారి. "ఇప్పుడు నన్ను అనుమానిత్తన్నారు. సంతోషమమ్మా."

పెట్టె మాత్రం లారీ ఎక్కనివ్వలేదు. ఆటోలో నా ఒళ్లోనే వచ్చింది. గుమ్మం దాటేటప్పుడు మా ఆయన "ఇనుమే, సూసుకో" అన్నాడు. "నోర్మూసుకో" అన్నాను. ఇద్దరం నవ్వాం.

జూన్ 7

రెండు జాకెట్లు, కుచ్చులు. భోజనం ఆయనే వండాడు, ఉప్పెక్కువ. సాయంత్రం నాలుగింటికి ఆఖరి హుక్కు.

చిట్టమ్మ పిన్ని వచ్చి చెయ్యి కొంగుకి మూడుసార్లు తుడుచుకుని చీర తాకింది. జాకెట్లతో పాటు మూట కట్టుకుని తీసుకెళ్లింది.

జూన్ 8

ఆశ ఎర్రంచు పసుపు చీరలో పీటల మీద కూర్చుంది. జాకెట్టు ఎక్కడా ఒక్క ముడత లేదు.

జూన్ 21

మూఢం. పెళ్లిళ్లు లేవు, కుట్టు తక్కువ. బోర్డు కట్టాం. సూరన్న మేస్త్రీ వచ్చి చూసి, అక్షరాలు వంకరన్నాడు.

మధ్యాహ్నం చిట్టమ్మ పిన్ని వచ్చింది, శ్రావణానికి కోడలికి జాకెట్టు గుడ్డ పట్టుకుని. నీలం పట్టు, మీటరు. కొలత జాకెట్టు ఇచ్చింది, మెడ ఎంత లోతుండాలో చెప్పింది. గుడ్డ బీరువాలో పెట్టి వెనక్కి తిరిగేసరికి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కూర్చో పిన్నీ, టీ పెడతాను."

కూర్చోలేదు. ఎటో చూస్తూ అంది: "కాయితం."

పదహారేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆ ఉదయ్‌కుమార్‌ని నేను అడగలేకపోయిన మాటని పిన్ని నా గుమ్మంలో నిలబడి అడిగింది.

ఈ పుస్తకంలోంచే ఒక పేజీ చింపాను. నీలం పట్టు, ఒక మీటరు, కొలత జాకెట్టు ఒకటి, ఇచ్చే తారీకు. కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. పైకి చదివి వినిపించమంది. వినిపించాను. తారీకు ఇంకోసారి చదవమంది. చదివాను.

కాయితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. అప్పుడు కూర్చుంది. పంచదార ఎక్కువెయ్యమంది.